నాలుగు మిల్లీమీటర్లు

షీజీలో వాన పడని వారం నాకు గుర్తులేదు.
ఏడో అంతస్తు ల్యాబులో, తలుపు పక్క బకెట్లో
గొడుగులు రోజంతా కారుతూనే ఉంటాయి.
నా పని టంకం.
ఇరవై రెండేళ్ళుగా మదర్‌బోర్డుల మీద
గోటికి చిక్కనివి అతుకుతున్నాను.
కళ్ళకు చత్వారం వచ్చింది,
చేతులకింకా రాలేదు.

ఆ నెలంతా ఒకటే గొడవ.
మెమరీకి ఒకటిన్నర వోల్టు కావాలి.
ఒకటిన్నరంటే ఒకటిన్నరే,
కొసరు వద్దు, తరుగు వద్దు.
బో-యెన్ దాన్ని పెట్టె మీద రాసిన వేగం దాటించి
పరిగెత్తిస్తాడు.
పంతొమ్మిదేళ్ళవాడు, ఒకే చెవికి రెండు పోగులు,
ఫ్లాస్కులోంచి ద్రవ నైట్రోజన్
చంటిదానికి పాలు పట్టినట్టు పోస్తాడు.
నలభై రెండు నిమిషాలు బాగానే ఉంటుంది.
నలభై మూడో నిమిషంలో
ఒక్క బిట్,
సున్నా ఉండాల్సిన చోట ఒకటి.
తెర నల్లబడుతుంది.
నన్ను చూసి బూతు మింగుతాడు.

"కరెంటు మురికిగా ఉంది" అన్నాడొక రోజు.
నాకు నవ్వొచ్చింది.
కరెంటుకి మురికేమిటి, బియ్యంలో రాళ్ళలా?
షు-యింగ్ నవ్వలేదు.
ఆసిలోస్కోప్ నావైపు తిప్పింది.
తిన్నని గీత ఉండాల్సిన చోట
గొంగళిపురుగు పాకుతోంది,
ఒంటినిండా నలభై మిల్లీవోల్టుల నూగు.

డిజైనువాళ్ళు కాయిల్ కొన్నవాళ్ళని తిట్టారు.
కొన్నవాళ్ళు ధర కుదించినవాళ్ళని.
యంత్రం మొండికేయకూడదని
దాని నెత్తిన ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం పెట్టడం ఇక్కడి ఆనవాయితీ.
తిప్పి చూశాను, గడువు మార్చిలోనే తీరిపోయింది.
కొత్తది తెచ్చిపెట్టాను.
నమ్మకమని కాదు.
ముప్ఫై డాలర్లేగా.

మూడో వారం, ఒక రాత్రి పదింటికి
షు-యింగ్ ప్రోబుని చేతిలో పట్టుకుని
దాని తోకకేసి చూస్తూ కూచుంది:
జానెడు నల్ల తీగ, చివర మొసలి నోరు.
"అక్కా, దీన్నెంత పొట్టి చెయ్యగలవు?"
రెసిస్టరు కాలొకటి తుంచి
సూది చుట్టూ చుట్టి స్ప్రింగు చేసిచ్చాను.
ఆనించగానే
గొంగళి నూగు రాలిపోయింది.
పదకొండు.
ట్యూబులైటు, లిఫ్టు మోటారు, ఎవరిదో ఫోను,
అన్నిటి గోలా ఆ జానెడు తీగే పోగుచేసింది.
ఇన్నాళ్ళూ బోర్డుని నిందించాం,
హోరు మా చెవిలోనే ఉంది.
ఎవరూ మాట్లాడలేదు.
షు-యింగ్ కళ్ళజోడు తీసి, తుడిచి,
మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయింది.

అయినా నలభై మూడో నిమిషం పోలేదు.
కాకపోతే ఇప్పుడు గీత తేటపడింది కనక
అసలు దొంగ దొరికాడు:
చిప్పులన్నీ ఒక్కసారి గుటకేసే చోట
రెప్పపాటులో కోటో వంతు
చిన్న గుంట.
నిండుకుండ తొణకదంటారు, సరే.
దప్పికగొన్నవాడికి కుండ ఎంత దూరంలో ఉంది?
కొలిచాం. నాలుగు మిల్లీమీటర్లు.
ఆ వేగంలో అది పొరుగూరు.

"పెద్ద కెపాసిటర్ వేద్దామా?" అన్నాను.
"చిన్నదే. పక్కనే" అంది.
బోర్డు బోర్లించి, ఆకుపచ్చ పూత గీకి,
సాకెట్టు కాళ్ళ సందుల్లో
నువ్వుగింజలంతటివి ఆరు.
నాలుగోది పట్టకారు నుంచి ఎగిరి
ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలీదు.
ఏడోది తీశాను.

నలభై మూడు.
బో-యెన్ ఫ్లాస్కు పట్టుకున్న చెయ్యి దించలేదు.
నలభై నాలుగు.
గంటా పది నిమిషాలకి ఫ్లాస్కు కింద పెట్టి,
ఎవరినీ అడక్కుండా
నెత్తిన ఉన్న పొట్లం చించి తినేశాడు.
నాకూ గుప్పెడు పెట్టాడు. కొబ్బరి వాసన.

అంతటితో ఊరుకుంటాడా,
ఆ రాత్రే ఇంకో మెట్టు ఎక్కించాడు.
పదకొండో నిమిషంలో తెర నల్లబడింది.
ముగ్గురం ఖాళీ పొట్లంకేసి చూశాం.

నేను బకెట్లోంచి గొడుగు తీసుకుని
కింద దుకాణానికి వెళ్ళాను.